మలయమారుతం మలయా దేశపు గాలి కాదు

సంపాదక మహాశయులకు నమస్కారం.

మా గజపతి జిల్లాలో బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు చదువుకునే పిల్లలకు ఈ మధ్య పంచిన ఒక పదాల పట్టికలో ‘మలయమారుతం’ ఎదుట ‘మలయా దేశం నుంచి వీచే గాలి’ అని అచ్చయింది. దీన్ని వెంటనే సరిదిద్దాలి.

మలయం పడమటి కనుమల దక్షిణపు కొసన, మంచిగంధపు చెట్లకు పేరుపడ్డ కొండల వరుస. అక్కడి నుంచి వసంతంలో వచ్చే గాలికి శైత్యం, సౌరభ్యం, మాంద్యం అని మూడు గుణాలు చెప్పారు కవులు. చల్లగా, పరిమళంతో, మెల్లగా వీస్తుందని భావం. మలయ శబ్దం సంస్కృతంలో ఎంత స్థిరపడినా, దాని మూలం కొండ అనే ద్రావిడ పదమేనని భాషావేత్తలు భావిస్తారు. తమిళుల మలై, మన తిరుమల, నల్లమలల్లోని మల అదే. మద్రాసు ప్రెసిడెన్సీ రికార్డుల్లో పర్లాకిమిడి ఎగువ కొండసీమను ‘మాలియాలు’ అని రాసేవారు, ఆ పేరులో వినిపించేదీ కొండే. పురాణాలు చెప్పే ఏడు కులపర్వతాల్లో, అంటే ప్రధాన పర్వతాల్లో, మలయంతో పాటు మన జిల్లాలోని మహేంద్రగిరి కూడా ఉంది కనుక, ఇక్కడి పిల్లలకు ఈ మాట విప్పి చెప్పడం కష్టమేమీ కాదు.

ఆ పట్టికలో ఈ గాలికే తెలుగు పేర్లైన తెమ్మెర, పయ్యెర అసలే లేకపోవడం నన్ను మరింత బాధించింది. ‘మళయ పవన’ ఒడియాలోనూ ఉంది కాబట్టి సంస్కృత పదం పిల్లలకు బడిలోనైనా తగులుతుంది. ఈ రెండూ మాత్రం తెలుగు నేర్పేవారు చెబితేనే వస్తాయి. తెమ్మెరలో ఉన్నది దక్షిణమనే అర్థమిచ్చే ‘తెన్’, తమిళంలో తెన్ఱల్ అన్నా దక్షిణపు గాలే. పైరగాలిని పైరు మీదుగా వచ్చే గాలి అని చాలామంది అనుకుంటారు గాని, నిఘంటువులు పయ్యెరకు దక్షిణపు గాలి అనే అర్థం ఇస్తున్నాయి. వాడుకలో పైరగాలిగా నిలిచింది ఆ పయ్యెరే.

ఇక్కడి కొండల్లోని సవర గిరిజనుల నోటి మాటలు విని నిఘంటువు కూర్చిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పింది ఈ పర్లాకిమిడిలోనే. ఆయన జయంతి అయిన ఆగస్టు 29న మళ్లీ పట్టికలు పంచేలోగా నిర్వాహకులు తప్పు సవరించి, ఈ రెండు మాటలనూ చేర్చాలని, మీరు కూడా పిల్లల పేజీలో వీటికి చోటివ్వాలని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా