ఒప్పందం రోజు ఎవరూ అడగని ప్రశ్న

సంపాదకుడు గారికి నమస్కారం.

విదేశీ కంపెనీ మన దగ్గరికి వచ్చినా, మన కంపెనీ బయటి దేశంలో ఫ్యాక్టరీ కొన్నా పేపర్లలో వచ్చేవి అవే వివరాలు. ఎన్ని కోట్లు, ఎన్ని ఎకరాలు, ఎన్ని ఉద్యోగాలు. ఆ తర్వాత ఆ షెడ్డులో వేరే దేశం మేనేజరూ మన ఊరి కుర్రాడూ కలిసి ఎలా నెట్టుకొస్తున్నారో ఎవరూ రాయరు. పెనుకొండ వైపు కార్ల విడిభాగాలు చేసే ఒక కొరియా యూనిట్లో క్వాలిటీ విభాగంలో పనిచేసినవాణ్ణి కాబట్టి రాస్తున్నాను.

కార్తీకం వచ్చిందంటే మా లైన్లో చాలామంది అయ్యప్ప మాల వేసుకునేవారు. మాలలో ఉన్నన్నాళ్లూ కాళ్లకు చెప్పులుండవు. సేఫ్టీ షూ లేకుండా లోపలికి రానివ్వకూడదన్నది కంపెనీ రూలు, అందులో తప్పేమీ లేదు, పాదం మీద డై (ఇనుప అచ్చు) పడితే స్వామికైనా ఎముక విరుగుతుంది. మొదటి ఏడు గేటు దగ్గరే ఆపేశారు, వాళ్లు వెనక్కి వెళ్లిపోయారు, మనుషులు చాలక సరుకు ఆగింది, కొరియా మేనేజరుకేమో ఇదంతా సమ్మెలాగా కనిపించింది. మరుసటి ఏడు మా తెలుగు షిఫ్ట్ ఇన్‌చార్జి ముందే పేర్లు రాసుకుని, వాళ్లను లేబుళ్లు అంటించే పనికి, రికార్డులు రాసే పనికి మారుద్దామన్నాడు. పైసా ఖర్చులేని మార్పు. దానికీ సియోల్ నుంచి మెయిల్ రావాలన్నారు! అది వచ్చేసరికి సగం దీక్ష అయిపోయింది. (దసరాకి మెషీన్లకు పెట్టే పసుపు కుంకుమలు సెన్సర్లలో పడతాయని ఇంకో టెన్షన్. మెషీన్ చుట్టూ ఉండే రక్షణ కవచం మీద కాగితం అంటించి దాని మీద బొట్టు పెట్టుకోమన్నారు, అది మాత్రం ఆ పూటే తేలిపోయింది, ఎందుకంటే ఎవరినీ అడగలేదు.)

నేను చెప్పేది ఇదే. భాష రాకపోయినా, తిండి పడకపోయినా ఎలాగో సర్దుకుంటారు. ఫ్యాక్టరీ ఒక దేశంలో, దాని చిన్న చిన్న నిర్ణయాలు కూడా ఇంకో దేశంలో ఉంటేనే కష్టం.

కొరియా కార్ల కంపెనీ కియా 2017 ఏప్రిల్‌లో మన రాష్ట్రంతో ఒప్పందం చేసుకుని 2019 ఆగస్టుకల్లా సెల్టోస్‌ను అమ్మకానికి పెట్టింది. ఆ స్పీడును అందరూ మెచ్చుకుంటారు గానీ దాని వెనక అదే గ్రూపులోని హ్యుందాయ్ ఉందన్నది మర్చిపోతారు. 1996లో చెన్నై దగ్గర మొదలుపెట్టి, 1998లో శాంత్రో దింపి, మన మెకానిక్కులనూ డీలర్లనూ రోడ్డు గుంతలనూ ఇరవై ఏళ్లు చూసిన కంపెనీ అది. కియా ఆ అనుభవంతో పెనుకొండ దగ్గరి ఎర్రమంచికి వచ్చింది. అలాగని ఎక్కువ కాలం ఉన్నంత మాత్రాన అన్నీ అర్థమవుతాయనీ కాదు. శాంసంగ్‌కు శ్రీపెరుంబుదూరులో చాలా ఏళ్లుగా ఫ్యాక్టరీ ఉంది, అయినా 2024 సెప్టెంబరులో యూనియన్ గుర్తింపు కోసం మొదలైన సమ్మె నెల దాటింది. కొరియాలోనే దశాబ్దాలపాటు యూనియన్లు వద్దన్న సంస్థ, తమిళనాడులో ఆ మాట చెల్లుతుందని ఎలా అనుకుందో మరి.

మనవాళ్లు బయటికి వెళ్లినప్పుడు మాత్రం ఏం తక్కువ తిన్నారు? మహీంద్రా 2011లో కొరియాలోని సాంగ్‌యాంగ్ అనే కార్ల కంపెనీని కొంది. అంతకు రెండేళ్ల ముందే, చైనా కంపెనీ చేతిలో దివాలా తీసిన ఆ ఫ్యాక్టరీలో ఉద్యోగాల కోతకు ఎదురుతిరిగి కార్మికులు 77 రోజులు ప్లాంటును పట్టుకుని కూర్చున్నారు, పోలీసులు వచ్చి ఖాళీ చేయించారు. కొత్త యజమానికి ఆ గాయం కూడా ఆస్తితో పాటే వచ్చింది. మహీంద్రా కొంత చేసింది, తీసేసినవాళ్లను విడతలుగా వెనక్కి తీసుకున్నారు, టివోలీ కారు బాగానే అమ్ముడైంది, దాని ప్లాట్‌ఫాం మీదే మన ఎక్స్‌యూవీ 300 వచ్చింది. అయినా నష్టాలు ఆగలేదు. 2020 ఏప్రిల్‌లో ఇక పెద్ద పెట్టుబడి పెట్టలేమని బోర్డు చెప్పేసింది, డిసెంబరుకు సాంగ్‌యాంగ్ మళ్లీ కోర్టు గడప ఎక్కింది. ఇందులో డబ్బు లెక్కలూ, కరోనా దెబ్బా ఉన్నాయి, కాదనను. కానీ ఒకసారి విదేశీ యజమాని చేతిలో దెబ్బతిన్న కార్మికుల నమ్మకం ముంబై నుంచి వచ్చే ఆదేశాలతో తిరిగి వస్తుందా?

మీ పత్రికకు నా విన్నపం ఒక్కటే. ఈసారి శ్రీసిటీలోనో ఇంకెక్కడో ఒప్పందం మీద సంతకాలు పెట్టినప్పుడు కోట్ల గురించి అడిగాక ఇంకో ప్రశ్న కూడా అడగండి: ఈ ప్లాంటులో మీ దేశానికి ఫోన్ చేయకుండా నిర్ణయం తీసుకోగల స్థానిక మనిషి ఎవరు? పేరు చెప్పలేకపోతే ఆ సంగతే వార్తగా వేయండి. పాలిటెక్నిక్‌లలో కొరియా, జపాన్ భాషలు నేర్పాలన్న మాట అప్పుడప్పుడూ వింటున్నాం, మంచిదే, నేర్పండి. అక్కడి నుంచి వచ్చే మేనేజర్లకు కూడా ఒక నెల తెలుగు నేర్పించమని ప్రభుత్వం షరతు పెట్టవచ్చు కదా. రాయితీలు ఇచ్చేది మనమే.

ఇట్లు,
ఓ పాఠకుడు, హిందూపురం