ఏటి తిప్ప మీది సూపర్ కబ్ విమానాన్ని హ్యాంగర్‌కి చేర్చినవాళ్లందరికీ

అలాస్కాలో ఒక ఏటి తిప్ప మీద గ్రౌండ్ లూప్ అయి (నేల మీదే గిర్రున పక్కకి తిరిగిపోయి), కుడి చక్రం కాలు విరిగి ఒరిగిపోయిన మా చిన్న విమానం పైపర్ సూపర్ కబ్ నిన్న హ్యాంగర్‌కి (విమానాల షెడ్డుకి) చేరింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. చేయి వేసిన తెలుగు మిత్రులందరికీ దండాలు. పేర్లు రాయొద్దని మీరే అన్నారు, అందుకని మీరు చేసిన పనులే చెప్తాం.

ముందుగా, ఫోన్‌లోనే "ఎగరొద్దు" అని ఖరాఖండిగా చెప్పిన మెకానిక్ అన్నయ్యకి. ప్రొపెల్లర్ కొన ఒక్క అంగుళం వంగింది, అంతే. దాన్ని సరిచేసి, కాలికి కట్టు కట్టి లేపేయొచ్చు కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. ఆయన చెప్పింది ఇదీ: తిరిగే ప్రొపెల్లర్ నేలకి తగిలితే ఆ కుదుపు క్రాంక్‌షాఫ్ట్ (ప్రొపెల్లర్‌ని తిప్పే ఇరుసు) వెనక చివర దాకా పోతుంది. లైకమింగ్ ఇంజన్‌లో అక్కడి గేర్‌ని పట్టి ఉంచేది ఒక బోల్టు, ఒక చిన్న పిన్ను. వాల్వుల్ని తెరిచే క్యామ్‌షాఫ్ట్, ప్లగ్గులకి కరెంటు ఇచ్చే మాగ్నెటోలు, ఆయిల్ పంపు అన్నీ ఆ గేర్ మీదే నడుస్తాయి. అది జారితే మాగ్నెటోలు రెండున్నా ఇంజన్ ఆగిపోతుంది. అందుకే 2004-10-14 నంబరు ఎయిర్‌వర్దీనెస్ డైరెక్టివ్ (తప్పనిసరి భద్రతా ఆదేశం) ప్రకారం విప్పి చూడాలి, ఆ బోల్టూ దాని లాక్‌ప్లేటూ కొత్తవి వేయాలి. ఆ ఒక్క మాటతో రెక్కలు విప్పి, బాడీని హెలికాప్టర్ కింద వేలాడదీసి తెచ్చాం. హెలికాప్టర్ కుదిర్చినవాళ్లకీ రుణపడి ఉన్నాం.

రెక్క ఎత్తిన నలుగురు తమ్ముళ్లకి. మీరు ముందు కుడి ట్యాంకు ఖాళీ చేశారు. నిండుగా ఉంటే 18 గ్యాలన్లు, దాదాపు 49 కిలోల బరువు. అంచున ఉండే సన్నటి వంపు చెక్కని ముట్టుకోకుండా, స్ట్రట్ (రెక్కకి ఊతమిచ్చే కడ్డీ) తగిలే చోట ముందు స్పార్ (రెక్క లోపలి దూలం) కింద భుజాలు పెట్టారు. తర్వాత విరిగిన కాలి పక్కన దుంగ నిలబెట్టి రాచెట్ స్ట్రాపులతో బిగించారు. రెక్కకి కప్పిన గుడ్డ మీద ఒక్క కొత్త చిరుగు కూడా పడలేదు.

గ్రౌండ్ లూప్ ఎందుకైందో విడమరచి చెప్పిన ఇన్‌స్ట్రక్టర్ గారికి. టెయిల్‌వీల్ (తోక కింద చక్రం) ఉన్న విమానానికి బరువు కేంద్రం ముందు చక్రాల వెనక ఉంటుంది. రిక్షాని వెనక్కి తోస్తే హ్యాండిల్ మెలిపడినట్టు, తోక కొంచెం పక్కకి పోయిందంటే ఇంకా పోవాలనే చూస్తుంది. ఎడమ వెనక నుంచి గాలి వీస్తుంటే, వేగం తగ్గాక రడ్డర్‌కి (తోక మీది చుక్కానికి) పట్టు పోతుంది. అప్పుడు దిక్కు టెయిల్‌వీలే. దాన్ని విప్పి చూడమన్నారు. చూస్తే లాక్ పడే గాడి అంచులు అరిగి గుండ్రంగా అయిపోయాయి, చిన్న తోపుకే లాక్ వదిలి చక్రం చుట్టూ తిరిగేస్తోంది. విమానం ఎడమకి తిరిగింది, బరువంతా కుడి కాలి మీద పడింది. ఇకనుంచి గ్రీజు పెట్టిన ప్రతిసారీ తోకని చేత్తో పక్కకి తోసి, లాక్ ఎంత బలానికి వదులుతోందో చూస్తాం. ఇది సూపర్ కబ్ ఉన్న ప్రతివాళ్లూ చేయాలని మా మనవి.

ఈఎల్‌టీ (ప్రమాదం జరిగితే తనంతట తానే సిగ్నల్ పంపే పరికరం) సిగ్నల్ వెళ్లగానే రెస్క్యూ కోఆర్డినేషన్ సెంటర్‌కి ఫోన్ చేసి "మనుషులు క్షేమం" అని చెప్పిన అక్కకి కూడా.

రెండు రాచెట్ స్ట్రాపులు, ఒక చేతి వించ్ మా దగ్గరే ఉండిపోయాయి. శుభ్రం చేసి, వించ్‌కి నూనె పెట్టి ఉంచాం. ఎవరివో చెప్తే ఇంటికే తెచ్చిస్తాం.