పెరటి కోళ్ల సంఘం, నెల్లూరు: వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన కాలమంతా ఒక్క పని మీదే పోయింది. నగరంలో పెరట్లో కోళ్లు పెంచుకునేవాళ్లు ఏం పాటించాలో రాతపూర్వకంగా చెప్పమని నగరపాలక సంస్థను అడిగాం. 2024 ఫిబ్రవరిలో పొదలకూరు మండలం చాటగుట్ల, కోవూరు మండలం గుమ్మళ్లదిబ్బల్లో బర్డ్ ఫ్లూ బయటపడినప్పటి నుంచి మన పెరట్లో కోడి తుమ్మినా పక్కింటివాళ్లకు టెన్షన్. వాళ్ల భయం తప్పని అనలేం. ఎన్ని కోళ్లు ఉంచుకోవచ్చు, గూడు ప్రహరీకి ఎంత దూరంలో ఉండాలి అన్నది కాగితం మీద ఉంటే సగం తగాదాలు పుట్టనే పుట్టవు. మూడుసార్లు అర్జీ ఇచ్చాం. ఈ సీటు కాదు ఆ సీటన్నారు, చివరికి పాత అర్జీ కనపడటం లేదన్నారు. జవాబు నేటికీ రాలేదు.

అందుకే మనమే కట్టుబాట్లు పెట్టుకున్నాం. పెంట కాలవలో వేయకూడదు. చీకటి పడగానే పుంజుల్ని గంప కింద పెట్టి గోనెపట్టా కప్పాలి. రెండు మూడు కోళ్లు ఒకేసారి చస్తే ముట్టుకోకుండా ముందు పశువుల డాక్టరుకు చెప్పాలి. పందెం పుంజులు మేపేవారికి సంఘంలో చోటు లేదు. సంక్రాంతి ముందు ఒకరిద్దరు బతిమాలినా కమిటీ ఒప్పుకోలేదు.

వేదాయపాళెంలో కోళ్లకు పెట్టిన కొక్కెర తెగులు టీకా శిబిరం మనందరం గర్వంగా చెప్పుకోవాల్సిన పని. లసోటా అనే ఆ టీకా మందును ఐసు వేసిన థర్మాస్‌లో తెచ్చాం. కలిపాక ఎక్కువసేపు నిలవదు కాబట్టి అందరం పరుగులు పెట్టాం. ఒక పెద్దావిడ కొంగులో రెండు కోడిపిల్లల్ని మూటగట్టుకొచ్చింది. డాక్టరుగారు ఒక్కోదాని కంట్లో చుక్క వేసి, రెప్ప ఆర్పేదాకా అరచేతిలోనే పట్టుకున్నారు. "సూది లేదా నాయనా?" అని అడిగి, లేదని చెప్పాక పక్కవీధికి పోయి ఇంకో నలుగుర్ని వెంటబెట్టుకొచ్చింది. ఆమెకూ, డాక్టరుగారికీ, అరుగు ఇచ్చిన ఇంటివారికీ, మజ్జిగ పోసిన అక్కలకూ, గంపలు మోసిన పిల్లలకూ సంఘం తరఫున కృతజ్ఞతలు.

శిబిరానికి వస్తామని పేర్లు రాయించుకున్నవాళ్లలో నలుగురే వచ్చారు. మిగతావాళ్లు ఫోను కూడా ఎత్తలేదు. బాధగా ఉంది కాబట్టే రాస్తున్నాను.

జమాఖర్చుల కాగితం వెనక జతచేశాం, చూసుకోగలరు.

నాలుగో అర్జీ వచ్చే సోమవారం ఇస్తున్నాం. పది గంటలకల్లా ఆఫీసు గేటు దగ్గరికి రండి. పాత అర్జీల రసీదులు నా దగ్గర భద్రంగా ఉన్నాయి, తెస్తాను.

– కార్యదర్శి