శనివారం సురభి నాటకం: రేడియో సమీక్ష టీమ్‌కి

అందరికీ నమస్తే!

శనివారం సాయంత్రం 6:30కి రవీంద్రభారతిలో సురభి వాళ్ల నాటకం ఉంది. 5:45 కల్లా గేటు దగ్గర కలుద్దాం. వచ్చేవాళ్లు రేపు రాత్రిలోపు ఇక్కడే పేరు పెట్టండి, పాసులు తీసుకోవాలి.

ఈసారి సమీక్షకి 3 నిమిషాలే. రాసుకున్నది 300 మాటలు దాటకూడదు. "అద్భుతం, అమోఘం" అంటే రేడియోలో వినేవాళ్లకి ఏమీ కనబడదు. గాల్లో రెండు బాణాలు ఢీకొన్నప్పుడు నిప్పురవ్వలు ఎలా రాలాయో, ముందు వరసలో పిల్లలు ఎలా అరిచారో చెప్పండి. బాణాల్ని నడిపే తీగలు కనిపించాయా? అదీ చెప్పండి, మొహమాటం వద్దు. కథ మొత్తం మాత్రం చెప్పేయకండి.

సంస్థ పరిచయం ఒక్క వాక్యం చాలు: 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచకవధ'తో మొదలైంది. ఏడాది సరిచూసుకుని చదవండి. పోయినసారి ఇంకో నాటకానికి తప్పు చదివి సారీ చెప్పింది నేనే.

తెర లేవకముందు హార్మోనియం, జనం గుసగుసలు 30 సెకన్లు రికార్డు చేయండి. ఎడిటింగ్‌లో అతుకులు కప్పేది అదే. ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో ఉండాలి, పక్కన చిప్స్ ప్యాకెట్ ఉండకూడదు! నాటకం నడుస్తుండగా అనుమతి లేకుండా రికార్డింగ్ వద్దు. నటులతో మాటలు అంతా అయ్యాక, వాళ్లు మేకప్ తీసుకున్నాకే.

ఆడియో, స్క్రిప్టు రెండూ ఆదివారం మధ్యాహ్నం 12 లోపు గ్రూప్‌లో పెట్టండి. ఫైలుకి మీ పేరు పెట్టండి, "న్యూ రికార్డింగ్ 7" ఎవరిదో వెతకలేక చస్తున్నాను.

హెడ్‌ఫోన్స్ మర్చిపోవద్దు.