ఉదయగిరి మెట్టపల్లెల జనాభా, రోడ్డు, బస్సు గురించి కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా కలెక్టర్ గారికి నమస్కారాలు.

అయ్యా,

ఉదయగిరి మెట్టలోని ఒక చిన్న పల్లె నుంచి రాస్తున్నాను. జిల్లాలో జనగణనకు ప్రధానాధికారి మీరే, రోడ్ల పనులను సమీక్షించేదీ మీరే కాబట్టి, ఈ రెండు లెక్కల నడుమ మా వంటి ఊళ్లు ఎలా జారిపోతున్నాయో మీకు విన్నవించుకోవడమే సబబని తోచింది.

మా రెవెన్యూ గ్రామమంటే ఒక పెద్ద ఊరు, దాని చుట్టూ చెదురుగా మూడు పల్లెలు. బస్సు ఉందా, లేకుంటే 5 కిలోమీటర్ల లోపునా, 10 లోపునా, ఆపైనా అన్న వివరాన్ని జనగణన వారు రెవెన్యూ గ్రామం మొత్తానికీ కలిపి ఒకటిగానే నమోదు చేస్తారు. పెద్ద ఊరి రావిచెట్టు దాకా పల్లెవెలుగు వస్తే, వాగుకు అవతలున్న మాకూ బస్సు ఉన్నట్టే. రోడ్డు దగ్గరికి వచ్చేసరికి ఇదే లెక్క తిరగబడుతుంది. 2000లో మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన ఒక్కో నివాస ప్రాంతాన్ని విడిగా చూస్తుంది. మైదాన ప్రాంతంలో 500 మంది ఉంటేనే అర్హత. 2024లో ఆమోదం పొందిన నాలుగో దశకూ 2011 జనాభాయే కొలబద్ద. కలిపి రాసినప్పుడు బస్సున్న ఊరివాళ్లం, విడదీసినప్పుడు రోడ్డుకు చాలని జనం.

రాబోయే జనగణనలో మేము ఇంకా తగ్గుతాము. బోర్లు ఎండిపోయి బేల్దారి పనులకు హైదరాబాదు, బెంగళూరు వెళ్లిన కుటుంబాలు సంక్రాంతికి వచ్చి, కనుమ దాటగానే మళ్లీ బయలుదేరతాయి. మనుషుల లెక్క తీసేదేమో 2027 ఫిబ్రవరిలో, లెక్కకు ఆధారంగా తీసుకునే తేదీ మార్చి 1. అందులో ఎన్యూమరేటర్ల తప్పేమీ లేదు. అయితే జనం లేరు కాబట్టి రోడ్డు అక్కర్లేదనే ముందు, రోడ్డు లేకనే ఎందరు వెళ్లిపోయారో కూడా చూడాలి. వాగు పారిన రోజున చప్టా మునిగి పాలవ్యాను వెనక్కి పోతుంది, 108 అవతలి గట్టునే ఆగిపోతుంది, హైస్కూలు పిల్లలు ఇళ్ల దగ్గరే ఉండిపోతారు. ఇలాంటి చోట పశువులను నమ్ముకుని ఉండమని పడుచువాళ్లకు ఏ ముఖంతో చెప్పగలం?

2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి పథకం మంచిదే, కాదనను. కానీ మా ఆడవాళ్లు ఆ ఉచిత బస్సు ఎక్కడానికి ముందు షేర్ ఆటోకు డబ్బులు ఇవ్వాల్సి వస్తోంది.

500 మీటర్ల పరిధిలోని నివాస ప్రాంతాల జనాభాను కలిపి పరిగణించే వెసులుబాటు సడక్ యోజన నిబంధనల్లోనే ఉంది. మా మూడు పల్లెల్లో రెండు అంత దగ్గరగానే ఉన్నాయి. దయచేసి ఇంజనీర్లను పంపి ఆ దూరాన్ని కొలిపించండి. పెద్ద ఊరి దాకా వచ్చే బస్సును బడివేళకు ఒకసారి, సాయంత్రం ఒకసారి వాగు గట్టు వరకైనా పొడిగించమని ఆర్టీసీ వారికి సూచించండి. ఆక్యుపెన్సీ, అంటే సీట్లు నిండే శాతం, చాలదని వారు చెప్పవచ్చు. ఆ మాట నడపకముందే కాక, ఒక విద్యా సంవత్సరం నడిపి చూశాక, పాసుల మీద వచ్చే పిల్లలను కూడా లెక్కలోకి తీసుకుని చెప్పమనండి. చప్టా స్థానంలో వంతెనకు అంచనాలు ఈ వానాకాలం లోపే తయారు చేయించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
తమ విధేయుడు,
ఉదయగిరి ప్రాంత గ్రామస్థుడు