గాంగ్ చివర్లో మోగింది

సంపాదకులకు నమస్కారం.

నేను విజయనగరంలో మృదంగం నేర్పి రిటైరైనవాణ్ణి. జావాలోని యోగ్యకర్తలో చదువుతున్న మా అమ్మాయిని చూడ్డానికి వెళ్తే, వాళ్ల యూనివర్సిటీ సభలో గమెలాన్ అనే, ఎక్కువగా కంచు వాద్యాలతో సాగే అక్కడి బృంద సంగీతం వినిపించారు.

చెప్పులు విప్పి నేల మీద కూర్చోబోతూ ఒక కంచు వాద్యాన్ని దాటబోయాను. ఓ కుర్రాడు చెయ్యి అడ్డం పెట్టాడు. వాద్యాన్ని దాటకూడదట! మా గురువుగారూ అదే అనేవారు, సిగ్గేసింది.

తీరా మొదలయ్యాక నా తాళం తప్పింది. మనకు సమం, అంటే తాళంలో ముఖ్యమైన దెబ్బ, ఆవర్తనం (తాళపు ఒక చుట్టు) మొదట్లో వస్తుంది. వాళ్ల పెద్ద గాంగ్, అంటే వేలాడదీసిన పెద్ద కంచు గంట, చుట్టు చివరి దెబ్బ మీద మోగుతుంది. 16 లెక్కపెట్టి ఆ 'గూం' కోసం కాచుకోవాలి. రెండో పాటకి గానీ నా వేళ్లు దారిలో పడలేదు. కెండాంగ్ అనే డోలు వాయించే ఆయన చేతిని బట్టే అందరూ వేగం మార్చుకున్నారు. శ్రుతేమిటని అడిగితే నవ్వారు. ఏ వాద్యాల సెట్టు శ్రుతి దానిదేనట.

2021లో యునెస్కో గుర్తించిన ఈ సంగీతం గురించి మన పత్రికల్లో నేను చదివింది లేదు. ఇండోనేషియా అంటే బాలి టూర్ ప్యాకేజీలేనా? మీ ఆదివారం సంచికలో ఒక పేజీ ఇవ్వండి.

– ఓ మృదంగం మాస్టారు, విజయనగరం