తోమెరీ ద్రాక్ష గోడలకు చూరు పెంకులు ఇప్పించండి: ఫ్రాన్స్ సాంస్కృతిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారాలు.

నేను పారిస్ ప్రాంతంలో స్థిరపడ్డ తెలుగువాడిని. ఈ లేఖ ఫ్రెంచ్ ప్రతిని మీ కార్యాలయానికి పంపుతున్నాను. ఇక్కడున్న మా వాళ్ళు కూడా చదివి నాతో గొంతు కలపాలని తెలుగులోనూ రాస్తున్నాను. ఫాంటెన్‌బ్లో పక్కన, సెయిన్ నది ఒడ్డున ఉన్న తోమెరీ ఊళ్ళో మిగిలిన ద్రాక్ష గోడలను కూలిపోకముందే కాపాడమని నా మనవి.

హైదరాబాద్ చుట్టూ అనాబేషాహి ద్రాక్ష పందిళ్ళు చూసిన మాకు ద్రాక్షకి గోడ ఎందుకో వెంటనే తట్టదు. మా దగ్గర ఎండకు కరువు లేదు, తీగని పందిరెక్కిస్తే చాలు. ఇక్కడి చలిలో పండుకి తీపి పట్టాలంటే మాత్రం వచ్చిన కాస్త ఎండనీ దాచుకోవాలి. మే నెలలో రాత్రి పదింటికి మా ఊరి రాతిగోడకి చెయ్యి ఆనిస్తే ఇంకా సెగ కొడుతుంది. తోమెరీ రైతులు ఆ సెగతోనే పంట పండించారు.

1730లో ఫ్రాన్స్వా షార్మ్యో అక్కడ మొదటి గోడ కట్టాడు. రాజుగారి ఫాంటెన్‌బ్లో పార్కులోనూ గోడకి పాకించిన ద్రాక్ష ఉండేది. రకం షాసెలా: బంగారు రంగు, పల్చటి తొక్క. ఒకరిని చూసి ఒకరు కట్టుకుంటూ పోగా, మంచి రోజుల్లో ఊళ్ళో గోడల పొడవు మొత్తం సుమారు 300 కిలోమీటర్లకి చేరింది. తీగ కొమ్మలను అటొకటి ఇటొకటి అడ్డంగా లాగి, వరుసలుగా గోడకి కట్టేవారు. ఆడవాళ్ళు చిన్న కత్తెరలతో గుత్తిలో ఇరుక్కున్న పళ్ళను ఒక్కొక్కటిగా తీసేసేవారు, మిగిలినవి బాగా ఊరాలని.

నన్ను అన్నిటికంటే ఆశ్చర్యపరిచింది వాళ్ళు పండు నిలవ చేసిన తీరు. గుత్తిని కొమ్మ ముక్కతో సహా కోసి, ఆ కొమ్మ చివరని నీళ్ళ సీసాలో పెట్టేవారు. నీళ్ళు చెడకుండా అందులో బొగ్గు వేసేవారు. చీకటి గదుల్లో వరుసగా అమర్చిన సీసాలకి వేలాడుతూ గుత్తులు చలికాలమంతా తాజాగా, పచ్చటి కాడతో ఉండేవి. కోల్డ్ స్టోరేజీ లేని రోజుల్లో మార్చి, ఏప్రిల్ వరకు పారిస్ బల్లల మీదికి ద్రాక్ష వెళ్ళిందంటే ఈ సీసాల వల్లే.

తర్వాత రైళ్ళలో దక్షిణ ఫ్రాన్స్ ద్రాక్ష చవగ్గా దిగింది. మొదటి ప్రపంచ యుద్ధం మనుషుల్ని తీసుకుపోయింది. పంట పోయి గోడలు మిగిలాయి. ఇప్పుడవి చాలావరకు ఇళ్ళ మధ్య, పెరళ్ళ సరిహద్దులుగా ఉన్నాయి.

గోడ నెత్తిన పెంకుల చూరు ఉంటుంది. గుత్తుల మీద వాన పడకుండా, వసంతంలో మంచు దెబ్బ తగలకుండా అదే కాసేది. గోడకి కూడా అదే రక్ష. నాలుగు పెంకులు జారితే నీళ్ళు లోపలికి దిగుతాయి, రాళ్ళ మధ్య మట్టి కరుగుతుంది, గోడ పొట్ట ఉబ్బి ఒకనాడు పడిపోతుంది. మంచి ఉద్దేశంతోనే సిమెంటు పూసేవాళ్ళుంటారు. తడి బయటికి పోయే దారి లేక ఆ గోడ ఇంకా తొందరగా చెడుతుంది.

ఫాంటెన్‌బ్లో కోట 1981 నుంచి ప్రపంచ వారసత్వ జాబితాలో ఉంది. పక్క ఊరి రైతులు కట్టిన గోడలకీ ఆ శ్రద్ధలో కొంత దక్కాలి. పారిస్ పక్కనున్న మాంట్రెయ్‌లో పీచ్ పండ్ల గోడలున్న చోట 8.5 హెక్టార్లను 2003లో రక్షిత స్థలంగా ప్రకటించారు. అప్పటికే ఎంత పోయిందో మీకు తెలుసు.

మంత్రి గారూ, ముందు మిగిలిన ప్రతి గోడకీ నంబరు వేసి పటం గీయించండి. ఒక్కో గోడ పలువురి స్థలాల గుండా పోతుంది కాబట్టి, ఒక్కొక్కరికి విడిగా కాకుండా గోడ మొత్తానికి సహాయం ఇప్పించండి. అందులో మొదటి ఖర్చు చూరు పెంకులకి, సున్నం పని తెలిసిన మేస్త్రీల కూలికి పెట్టించండి. పడిపోయిన గోడని మళ్ళీ లేపే ఖర్చు ముందు ఇది ఏ మూలకీ రాదు. వచ్చే శీతాకాలం వానలకి ముందే ఈ పని మొదలుపెట్టించమని కోరుతున్నాను.

ఇట్లు,
పారిస్ ప్రాంతంలో ఉంటున్న ఒక తెలుగువాడు